ఓడలో పోయిందన్న ఆటల పెట్టె

మన దీవుల్లో, డైరీ ఫార్మ్ పేట తెలుగు ఇళ్ళలో ఏదైనా వస్తువు కనబడకపోతే “బాబాయి పార్సిల్ అయిపోయింది” అని నవ్వుతారు. ఆ బాబాయి ఎవరో మీలో చాలామందికి తెలియదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న మాట కాబట్టి మీరూ అంటున్నారు. మొన్న సంఘం మీటింగులో మైకు కనబడకపోతే ఒక కుర్రాడు అదే మాట అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మీటింగులోనే నన్ను సంఘం సంచికకు ఏదైనా రాయమని అడిగారు. “అంకుల్, మీరు కంప్యూటర్ గేమ్స్ షాపు నడిపిన రోజుల గురించి రాయండి. కన్సోల్ వచ్చి కంప్యూటర్‌ను ఎలా మింగేసిందో రాయండి” అన్నారు. రాస్తాను. కాని అది రాస్తే బాబాయి పార్సిల్ సంగతి వదిలెయ్యడం కుదరదు. ఆ పార్సిల్‌లో ఉన్నది కన్సోలే, టీవీకి తగిలించి ఆడుకునే ఆటల పెట్టె. అది ఓడలో పోలేదు. బాబాయి పోగొట్టలేదు. నేను దాచాను.

ఇక మొదటి నుంచి చెబుతాను.

అప్పట్లో మన దీవులకు సముద్రం అడుగున కేబుల్ లేదు. ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా ఆకాశం నుంచి దిగేది, వాన పడితే అదీ దిగేది కాదు. ఒక ఫొటో తెరుచుకునేలోగా టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించవచ్చు. అలాంటి రోజుల్లో డైరీ ఫార్మ్‌లో ఒక షట్టరు గదిలో పది కంప్యూటర్లను వైర్లతో ఒకదానికొకటి కలిపి, బయటి ప్రపంచంతో పని లేకుండా పదిమంది కుర్రాళ్ళు ఒకరినొకరు తుపాకులతో వేటాడుకునే ఏర్పాటు చేశాం. షాపు నాది కాదు. యజమాని పక్కన జిరాక్స్ గదిలో కూర్చునేవాడు. ఆటల గదికి మాత్రం నేనే ఇన్‌ఛార్జిని. పద్నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను.

పని పొద్దున్నే బ్రష్షుతో మొదలయ్యేది. మన గాలిలో ఉప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. వారానికి రెండు కంప్యూటర్లు విప్పి, పెయింటు బ్రష్షుతో లోపలి బోర్డులు తుడిచి, ఆకుపచ్చగా చిలుము పట్టిన చోట రబ్బరుతో రుద్దేవాణ్ణి. హార్డ్ డిస్కులు పెట్టిన బీరువాలో చెమ్మ చేరకుండా పగలంతా ఒక బల్బు వెలుగుతూ ఉండేది. కరెంటు పోయి వస్తే పదీ ఒకేసారి లేచేవి కావు. దేన్ని ముందు లేపాలో, ఏది నెత్తిన ఒక్కటి వేస్తే గాని లేవదో నాకొక్కడికే తెలుసు. కుర్రాళ్ళు నన్ను “గురూ” అనేవారు. కాలేజీలో చదువుకున్నవాళ్ళు కూడా అనేవారు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కొత్త ఆటలు ఓడలో వచ్చేవి. విశాఖలో ఉన్న మా బంధువు ఒకతను హార్డ్ డిస్కు నిండా ఎక్కించి పంపేవాడు. అవి కొన్న ఆటలా, కాపీ చేసిన ఆటలా అని అడగకండి. ఒక తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్నాను, అన్నీ ఒక్కరోజే వద్దు. ఓడ వచ్చిన రోజు షాపు ముందు కుర్రాళ్ళు గుంపుగా నిలబడేవారు. నేను తాపీగా గుడ్డ విప్పి డిస్కు బయటికి తీసేవాణ్ణి. ఆ పూట డైరీ ఫార్మ్‌లో నాకన్నా ముఖ్యమైన మనిషి ఉండేవాడు కాదు.

ఆ డిస్కు తెచ్చేది బాబాయి. నాకు సొంత బాబాయి కాదు. మా నాన్నతో ఒకే పడవలో వేటకు వెళ్ళిన మనిషి, తర్వాత విశాఖ ఓడలో డెక్కు మీద పనికి చేరాడు. మన వాళ్ళందరి సామానూ ఆయన చేతి మీదుగానే వచ్చేది. మందులు, ఊరగాయ జాడీలు, పెళ్ళి చీరలు, పిల్లల పుస్తకాలు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు.

బాబాయికి చదువు రాదు. పార్సిల్ మీద పేరు రాసినా ఆయనకు ఉపయోగం లేదు. అందుకని నడుముకు ఒక వలతాడు ముక్క కట్టుకునేవాడు. విశాఖలో పార్సిల్ చేతికి రాగానే దానికొక ముడి వేసేవాడు. వల తేలడానికి కట్టే బెండ్లకు ఎవరి గుర్తు వాళ్ళు కట్టుకున్నట్టు ఒక్కో ఇంటికి ఒక్కో రకం ముడి. ఇక్కడ మనిషి చేతిలో పార్సిల్ పెట్టాకే ఆ ముడి విప్పేవాడు. ఓడ తిరుగు ప్రయాణానికి తాడు సాఫీగా ఉండాలి. ఉంటేనే ఆయనకు నిద్ర పట్టేది. పాతికేళ్ళలో ఆ తాడు తప్పిందని ఎవరూ అనలేదు.

ఇక మూడో మనిషి. ఆటల గదిలో నా కింద ఆరేళ్ళు పనిచేశాడు. నాకన్నా ఐదేళ్ళు చిన్న. ఆస్టినాబాద్‌లో ఇల్లు. ఆదివారాలు చర్చిలో తెలుగు పాటలు పాడేవాడు, మిగతా రోజులు షాపులో ఈల వేసేవాడు. వైరు చివర క్లిప్పు బిగించడం నేనే నేర్పాను. చివరి దాకా సరిగ్గా రాలేదు. అతను బిగించిన ప్రతి వైరునూ వెనకాలే వెళ్ళి మళ్ళీ బిగించేవాణ్ణి. అతనికి కోపం వచ్చేది కాదు. “నువ్వుండగా నాకెందుకు భయ్యా టెన్షన్” అనేవాడు.

ఒకరోజు మానేశాడు. ఇంటి ముందుగదిలో ఒక పెద్ద టీవీ, ఒక సోఫా, ఒక కన్సోల్ పెట్టాడు. మొదటి రోజే నన్ను పిలిచాడు. వెళ్ళాను. అరచేతుల్లో ఇమిడే రెండు రిమోట్లు, టీవీ కింద ఒక నల్లటి పెట్టె.

“ఇన్‌స్టాల్ ఎంతసేపు పడుతుంది?” అన్నాను.

“ఏం లేదు భయ్యా. డిస్కు పెట్టాలి, ఆడాలి.”

“డ్రైవర్లు?”

“లేవు.”

“వైరస్ వస్తే?”

“రాదు భయ్యా. బస్, బైఠో. ఆడు.”

నేను కూర్చోలేదు. షాపులో పని ఉందని చెప్పి వచ్చేశాను. దారిలో నాకు బాధ కలిగించింది అతనికి వచ్చే గిరాకీ కాదు. ఆ పెట్టెకు నేను అక్కర్లేదు. విప్పక్కర్లేదు, కొట్టి లేపక్కర్లేదు. నా ఇన్నేళ్ళ విద్యలో ఒక్క ముక్క కూడా దానికి పనికిరాదు. క్లిప్పు బిగించడం చేతకానివాడు దాని పక్కన కాలు మీద కాలేసుకుని ఈల వేస్తున్నాడు.

ఆ తర్వాత నా సాయంత్రం నడక ఆస్టినాబాద్ వైపు మారింది. డాక్టరు నడవమన్నాడని ఇంట్లో చెప్పాను. ఏ డాక్టరూ చెప్పలేదు. అతని గేటు ముందు నెమ్మదిగా నడుస్తూ చెప్పుల జతలు లెక్కపెట్టేవాణ్ణి. మొదటి వారం నాలుగు జతలు. నెల తిరిగేసరికి గుమ్మం నుంచి గేటు దాకా పరుచుకున్నాయి. వాటిలో ఆడపిల్లల చెప్పులు ఉండేవి. మా గదిలోకి ఆడపిల్ల ఎప్పుడూ అడుగు పెట్టలేదు. లోపలి నుంచి నవ్వులు వినబడేవి. మా గదిలో పదిమంది పది తెరల వెనక దాక్కుని తిట్టుకునేవారు. అక్కడ అందరూ ఒకే తెర ముందు భుజాలు ఆనించుకుని అరిచేవారు. మా షాపులో మూడు కంప్యూటర్లు మధ్యాహ్నాలు ఖాళీగా ఉండడం మొదలైంది. తర్వాత ఐదు.

ఒక సాయంత్రం ఆ చెప్పుల్లో మా ఆవిడవి, మా అమ్మాయివి కనబడ్డాయి. ఇంటికొచ్చాక అడిగాను.

“మీరు పనిచేసే చోటికి నన్నెప్పుడైనా రమ్మన్నారా?” అంది మా ఆవిడ. “ఆ చీకటి, ఆ సిగరెట్ కంపు. అక్కడ సోఫా ఉంది. వాళ్ళావిడ టీ కూడా ఇచ్చింది.”

“కార్ల పందెంలో అమ్మ నన్ను ఓడించేసింది నాన్నా” అంది మా అమ్మాయి.

ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. మా ఆవిడ కూరలో ఉప్పెక్కువైందేమో అనుకుంది.

ఆ ఏడాది క్రిస్మస్ వారంలో అతను చర్చి హాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ ఆట పోటీ పెడతానని చెప్పాడు. ఉన్న కన్సోల్ ఒకటి సరిపోదని విశాఖ నుంచి రెండోది, కొత్త డిస్కుతో తెప్పిస్తున్నాడు. బాబాయే తెస్తున్నాడు. ఓడ వచ్చే రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. “భయ్యా, హాలు డెకరేషన్లో ఇరుక్కుపోయాను. ఎలాగూ నీ డిస్కు కోసం హార్బర్‌కు వెళ్తావు కదా, నాది కూడా తెచ్చెయ్యి.” సరేనన్నాను.

హార్బర్ గేటు దగ్గర జనం. మా షాపుకు వచ్చే ఇద్దరు కుర్రాళ్ళు చుట్టాలను దించుకోవడానికి వచ్చి కనబడ్డారు. దగ్గరికొచ్చి అడిగారు. “గురూ, కొత్త కన్సోల్ వచ్చేసిందా?” నా డిస్కు వచ్చిందా అని అడగలేదు. ఓడ వచ్చిన రోజున, హార్బర్ గేటు ముందు, నన్నే అడిగారు, ఇంకొకడి పెట్టె గురించి. వాళ్ళు చుట్టాలతో ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

కాసేపటికి బాబాయి వచ్చాడు. భుజాన ఒక సంచి, చంకలో గోనెతో కుట్టిన పెద్ద పెట్టె.

“ఇదిగో, ఇది నీది. ఇది టైలరు దీదీది, మిసను సామాను. ఈ పెద్దది ఆస్టినాబాద్ బాబుది. జాగర్త నాయనా. మూడు రోజులూ దీన్ని ఓడలో నా బంకు పరుపు మీద పడుకోబెట్టి నాను కింద పడుకున్నాను. మా పక్క బంకోడు ఒకటే నవ్వు, కొత్త పెళ్ళాన్ని తెచ్చుకుంతన్నావేటి అని.”

నవ్వుతూనే నడుము తాడు అందుకుని, ఒకటి, రెండు, మూడు ముళ్ళు విప్పాడు. వేళ్ళు ఎంత చురుగ్గా కదిలాయో ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. తర్వాత సరుకు దింపే పనికి లోపలికి పరిగెత్తాడు.

దీదీ సామాను దారిలో ఇచ్చేశాను. మధ్యాహ్నం షాపు మూసి ఉంది. తలుపు తీసి, పాడైన మానిటర్ల వెనక, అటక మీద ఆ పెట్టె పెట్టాను. సాయంత్రం ఆస్టినాబాద్ వెళ్ళినప్పుడు ఇచ్చేద్దాం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. సాయంత్రం ఇచ్చెయ్యాలనుకున్నవాడు నిచ్చెన ఎందుకు వేస్తాడు?

నాలుగింటికి ఫోన్.

“భయ్యా, బాబాయి దొరికాడా? నాది వచ్చిందా?”

“రెండే ఇచ్చాడురా. నాది, దీదీది.”

“అరే. విశాఖలో ఎక్కించలేదేమో. నెక్స్ట్ షిప్‌లో వస్తుందిలే.”

దారి అతనే చూపించాడు. ఈ ఓడలో రానిది వచ్చే ఓడలో వస్తుంది. మన దీవుల్లో ఆ మాట నమ్మని మనిషి లేడు. పోటీ అయిపోయాక వచ్చే ఓడలో వచ్చిందని చెప్పి ఇచ్చేస్తే సరిపోతుందని నేను కూడా నమ్మాను.

మర్నాడు అతను షాపుకే వచ్చాడు. “ఒక్క కన్సోల్‌తో నలభైమంది పిల్లల్ని ఎలా ఆడించను భయ్యా? నీ కంప్యూటర్లు కొన్ని తేవా? ప్లీజ్ యార్. మేరీ ఇజ్జత్ కా సవాల్ హై. నా పరువు పోతుంది.”

నాలుగు అడిగాడు. నేను ఆరు తీసుకెళ్ళాను. వ్యాన్‌లో ఎక్కించి, హాల్లో బల్లలు వేయించి, రెండు గంటలు వైర్లు కలిపాను. క్లిప్పులు నేనే బిగించాను. పాస్టరుగారు ప్రార్థనలో నా పేరు కూడా చెప్పారు. పిల్లలు ఆరింటి చుట్టూ మూగారు. ఒక పదినిమిషాలు నేను మళ్ళీ గురువునే.

ఏ మీటతో బంతి తన్నాలి, ఏ మీటతో పరిగెత్తాలి అని నేను మొదటి వరసకు చెబుతుండగానే వెనక వరస జారుకుంది. తర్వాత మధ్య వరస. అరగంటకు నలభైమందీ ఆ ఒక్క కన్సోల్ ముందు లైను కట్టారు. తమ వంతు కోసం గంట నిలబడ్డారు గాని, ఆరు కంప్యూటర్లు ఊరికే పిలుస్తుంటే ఒక్కరూ రాలేదు. మా అమ్మాయి మాత్రం వచ్చి ఒక కుర్చీలో కూర్చుంది. నా కడుపు చల్లబడింది.

“నాన్నా, ఇవి ఆపెయ్యరా? ఫ్యాన్ల చప్పుడుకి అక్కడ కామెంటరీ వినబడట్లేదు.”

కాళ్ళు నొప్పి పుట్టి కూర్చుందట.

ఆరూ ఆపేశాను. చివర్లో అతను మైకులో అందరి ముందూ నాకు థాంక్స్ చెప్పాడు, తర్వాత పక్కకు తీసుకెళ్ళి కౌగలించుకున్నాడు. “నువ్వు లేకపోతే నా పని ఖతమ్ భయ్యా.” అతని గడ్డం నా భుజానికి గుచ్చుకుంటుంటే నేను అటకను తలుచుకుంటున్నాను. తప్పు చేశానని కాదు. దొంగతనం చేసి కూడా గెలవలేకపోయానని.

రెండు రోజుల తర్వాత బాబాయి షాపుకు వచ్చాడు. వెనక అతను. పోటీ ఎలా జరిగిందో చూద్దామని బాబాయి ఆస్టినాబాద్ వెళితే సంగతి బయటపడింది. విశాఖలో పంపినవాడు కూడా పెట్టె బాబాయి చేతికే ఇచ్చానని ఫోన్లో చెప్పాడు. అప్పటికి షాపులో నలుగురైదుగురు ఉన్నారు.

“నాను మూడిచ్చాను కదరా” అన్నాడు బాబాయి.

“రెండే ఇచ్చావు బాబాయ్.”

“మూడు. పెద్దది గోనిలో కుట్టుంది. సూడు, తాడు సాపుగుంది. మూడు ముళ్ళూ ఇప్పేసినాను.”

“గేటు దగ్గర ఆ తోపులాటలో మూడోది కూడా విప్పేసి ఉంటావు.”

ఎవరో నవ్వారు. “తాడు చూపిస్తే పోలీసులు ఒప్పుకుంటారా బాబాయ్?” అన్నాడు ఒకడు. ఇంకొకడు, “వయసైపోతోంది కదా” అన్నాడు. ఆస్టినాబాద్ అతను మాత్రం నా వైపు చూశాడు, బాబాయి వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

బాబాయి తాడును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తడిమాడు. తర్వాత తన వేళ్ళనే చూసుకున్నాడు.

“ఏమో... ఇప్పేసినానేటి?” అన్నాడు.

అటక మా తలల మీదే ఉంది. నేను చేసిన పనుల్లో నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ క్షణమే. ఆయన నన్ను అబద్ధాలకోరు అనలేదు. తన చేతులు తప్పు చేశాయని నమ్మాడు.

కొత్తది కొనిస్తానని బాబాయి అన్నాడు. అతను వద్దన్నాడు, “పోనీలే బాబాయ్, సముద్రం అన్నాక పోతుంటాయి” అన్నాడు. అది మంచితనంతో అన్న మాటే. కాని ఆ మాటతో పార్సిల్ పోయిందనీ, బాబాయి దగ్గరే పోయిందనీ ఖాయమైపోయింది. ఓడకు వెళ్ళి బాబాయి తన పరుపు డెక్కు మీద దులిపాడట. ఇరవై ఏళ్ళుగా పక్క బంకులో పడుకునే మనిషిని, కలిసి తిని, జ్వరం వస్తే కాళ్ళు పిసికిన మనిషిని, అతని పెట్టె కూడా తెరవమన్నాడట. ఆ బంకు మనిషి తెరిచాడు. ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

తర్వాతి ప్రయాణం నుంచి బాబాయి నడుముకు తాడు లేదు. సామాను ఇవ్వబోయినవాళ్ళతో “నా చేతికొద్దు” అనేవాడు. కొన్నాళ్ళకు ఎవరూ ఇవ్వబోలేదు కూడా. గేటు దగ్గర చాలాసార్లు చూశాను, ఉత్త చేతులతో దిగి వెళ్ళిపోయేవాడు. నాతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడేవాడు. “నీ డిస్కయినా పోగొట్టలేదు, అదృష్టం” అనేవాడు.

ఒక ఆదివారం, అందరూ చర్చిలో ఉన్న వేళ, నేను షట్టరు దించుకుని ఆ పెట్టె విప్పి, జిరాక్స్ గది టీవీకి తగిలించాను. ఆడాను. చాలా బాగుంది. నిజం చెప్పాలని కూర్చున్నాను కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. నా పది కంప్యూటర్లలో ఏదీ నాకు అంత హాయినివ్వలేదు. గోల్ వేస్తే చేతిలో రిమోట్ గుండెలా అదిరింది. ఆట మధ్యలో తెర మీద, రెండో ఆటగాడు బటన్ నొక్కాలని వస్తూనే ఉంది. రెండో రిమోట్ ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. గంట తర్వాత మళ్ళీ అటక ఎక్కించేశాను.

ఆ ఒక్క యంత్రాన్ని మాత్రం నేనెప్పుడూ బ్రష్షుతో తుడవలేదు. రెండు వానాకాలాలు గడిచాయి. మా కంప్యూటర్లు ఒక్కొక్కటే పడుకున్నాయి. కొత్త ఆటలకు సరిపడే గ్రాఫిక్స్ కార్డులు కావాలంటే యజమాని ముఖం తిప్పుకునేవాడు. చివరికి షాపు ఖాళీ చేసిన వారం అటక దించితే, ఆ కన్సోల్ వెనక సాకెట్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఒక ఉదయం స్కూటర్ మీద బ్రూక్షాబాద్ వైపు రాళ్ళ మీదకు తీసుకెళ్ళి సముద్రంలో వేశాను. బాబాయి పార్సిల్ సముద్రంలో పోయిందని మీరనేది అబద్ధం కాదు. వేసిన చెయ్యి ఎవరిదన్నదే తప్పు.

అతని ముందుగది ఇంకొన్నేళ్ళు నడిచింది. కేబుల్ వచ్చింది, ఫోన్లు వచ్చాయి, మీరంతా ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడుకోవడం మొదలుపెట్టారు. ఆ సోఫా కూడా ఖాళీ అయింది. ఆ రోజు నా కడుపు చల్లబడాలి, చల్లబడలేదు. ఇప్పుడు మీలో కొందరు రంగురంగుల లైట్ల కంప్యూటర్లు కొనుక్కుని, కన్సోల్ చిన్నపిల్లల వస్తువని అంటున్నారు. ఆ మాట ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వినబడిందని మీ మీద కూడా నాకు అసూయే. ఇది తగ్గే జబ్బు కాదు. ఉందని తెలుసుకుని బతకాలి.

ఈ వ్యాసం రాసే ముందు బాబాయికి చెప్పాలనిపించింది. డెబ్బై అయిదు దాటాయి, బ్రూక్షాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. వరండాలో కూర్చున్నాడు. మొత్తం చెప్పాను. తల వంచుకుని చెప్పాను. ఆయనకు వినబడిందో లేదో అనుకున్నాను.

“మూడిచ్చాను” అన్నాడు చివరికి.

“మూడిచ్చావు బాబాయ్.”

“ఏమేయ్!” అని లోపలికి కేకేశాడు. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఇప్పుడు సెప్పినావు కదా, దీని ముందు సెప్పు.”

మళ్ళీ చెప్పాను. పిన్ని వింటూ వింటూ అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. “ఎన్నేళ్ళురా” అంది. “ఎన్నేళ్ళు ఈ మనిసి తాళాలు వేసి, వేసినానా లేదా అని నన్నడిగాడు! గేస్ కట్టినాదా సూడు, తలుపేసినాదా సూడు. మతి పోతందనుకున్నాను. నువ్వా?”

పుస్తకంలో రాస్తున్నానని, అందరికీ తెలుస్తుందని అన్నాను.

“పుస్తకమా?” అన్నాడు బాబాయి. “నాకు సదువు రాదు. నా మనవలకి తెలుగచ్చరాలే రావు, హిందీలో సదూతారు. నువ్వు రాత్తే ఎవుడికి తెలుత్తదిరా? పద.”

చొక్కా వేసుకుని చేతికర్ర తీసుకున్నాడు. ఆ పొద్దంతా నన్ను ఇంటింటికీ తిప్పాడు. గుమ్మంలో నిలబడి “ఈడు ఒక మాట సెప్తాడట, ఇనండి” అనేవాడు, నేను చెప్పేవాణ్ణి. కొందరికి ఆ సంగతే గుర్తులేదు. అయినా చెప్పించాడు. టైలరు దీదీ కుట్టుపని ఆపి విని, “ఛీ” అంది. ఒకాయన నన్ను కొట్టబోయాడు. బాబాయి అడ్డుపడి, “కొట్టకు, ఇంకా శానా ఇళ్ళున్నాయి” అన్నాడు.

ఆస్టినాబాద్ వెళ్ళేసరికి మూడు దాటింది. అతను మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వుతూ బయటికి వచ్చాడు. చెప్పాను. నవ్వు ఆగిపోయింది. నా ముఖం వైపు ఒక్కసారి చూశాడు, అంతే. లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చాడు, ఒక్కటే. బాబాయిని కూర్చోబెట్టి ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు.

“బాబాయ్, ఆ రోజు షాపులో నేనొక్క మాట అనుండాల్సింది. నువ్వు తప్పు చెయ్యవని తెలుసు. భయ్యా అబద్ధం ఆడడనీ తెలుసు. ఎవరి వైపూ మాట్లాడలేదు.”

“సర్లే” అన్నాడు బాబాయి. “నీ ఫోన్ ఇవ్వు. విశాఖలో ఒకడున్నాడు, ఆడికి సెప్పాల.” ఓడలో ఆయన పక్క బంకులో పడుకున్న పాత మనిషి. నంబరు పిన్ని ఒక క్యాలెండర్ ముక్క మీద కొడుకుతో రాయించి ఇచ్చింది. అన్నేళ్ళూ ఎందుకు దాచిందో నేను అడగలేదు.

నంబరు కలిపి నాకే ఇచ్చారు. అవతల ముసలి గొంతు. నేనెవరో చెప్పి, ఆ రోజు మొదటి ఇంట్లో చెప్పినట్టే మొత్తం చెప్పాను. బాబాయి కర్ర మీద గడ్డం ఆనించుకుని నా పెదాల వైపే చూస్తున్నాడు. నేను చెప్పడం అయిపోయింది. అవతల ఎవరో దగ్గారు. టీవీ చప్పుడు తగ్గించారు.

“ఆడు నీ పక్కనే ఉన్నాడా?” అంది ఆ గొంతు.

“ఉన్నాడు.”

“ఇయ్యి.”

ఫోన్ అందించాను. బాబాయి అందుకుని చెవికి ఆనించుకున్నాడు. లేచి, కర్ర అక్కడే వదిలేసి, గేటు దాకా నడిచి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

“ఒరే,” అన్నాడు. “ఆ పెట్టె తెరవమన్నాను సూడు...”

ఆ తర్వాతి మాటలు మేం వినలేదు. అతను నేల మీంచి లేచి, వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోనిద్దాం, తనతో పాటు నన్ను కూడా లోపలికి రమ్మన్నట్టు తలుపు తీసి పట్టుకున్నాడు.